తువ్వాలు కింద వరస

ఫిబ్రవరి 10, 1984. శుక్రవారం

ఇది రాయకూడదనే అనుకున్నాను. ఈ డైరీ కూడా నాది కాదు. కంపెనీ వాళ్ళు దొరకు రెండు ఇస్తే ఒకటి ఉల్లిపాయల బుట్టలో పారేశాడు. నెలా పది రోజులు ఖాళీగా పోయాయి. ఇవాళ అట్ట తుడిచి చూస్తే కాగితం బాగుంది. మంచి కాగితం ఊరికే పోతుంటే చూడలేను... అంతకు మించి కారణం లేదు.

వాల్టర్ దొర ఇంట్లో వంట మొదలుపెట్టి ఇది ఏడో ఏడు. ఈ గల్ఫు దేశంలో, రుమైథియాలో, ఇదే ఇల్లు, ఇదే పొయ్యి. ఊరికి వెళ్ళి నాలుగేళ్ళు. ఇక్కడ ఉండనిచ్చే అనుమతి ముద్రను ఇఖామా అంటారు. ఇంటి ఇఖామా మీద ఉన్నవాడికి సెలవంటే దొర దయ. కంపెనీ ఇఖామా అయితే ఏడాదికి ఒక నెల, టికెట్టు కూడా వాళ్ళదే. తేడా అంతే. ఆ 'అంతే'లోనే నా పెళ్ళాం సుబ్బమ్మ ఉంది.

ఫిబ్రవరి 14

పత్రిక వచ్చింది. అమెరికా ఆటల పత్రిక, మూడు వారాల పాతది. ఎప్పటిలాగే దారిలో టపా తనిఖీ చేసే పుణ్యాత్ముడెవరో ఆడవాళ్ళ కాళ్ళకు నల్ల సిరా పూసి, సారా ప్రకటన ఉన్న పేజీ చింపేసి పంపాడు. ఆ పేజీకి వెనక పక్క ఏముందో దేవుడికే తెలియాలి.

నా ఇంగ్లీషంతా ఈ పత్రికల్లోదే. బడికి వెళ్ళింది మూడో తరగతి దాకా, అదీ వానలు లేనప్పుడు. మా పక్క వానలు లేవు కాబట్టి రోజూ వెళ్ళినట్టే. ఇప్పుడు మోకాలి చిప్పకు ఇంగ్లీషు మాట వచ్చు. వియ్యపురాలికి రాదు.

ఫిబ్రవరి 17. శుక్రవారం

ముసలితనంలో మరిచిపోతానేమో, ఆట సంగతి రాసి పెడతాను.

పేరుకు కాలిబంతి. పట్టేది చేత్తో. బంతి బూడిద గుమ్మడి పిందెలా ఉంటుంది, దానికోసం ఎద్దుల్లాంటి మనుషులు ఇనుప టోపీలు పెట్టుకొని ఢీకొంటారు. కాలేజీల్లో ఆడే పిల్లల్ని ఏడాదికి ఒకసారి పెద్ద జట్లు ఏరుకుంటాయి. అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకు మొదటి ఎంపిక! మన దగ్గర ఓడినవాడికి చివరి విస్తరి కూడా దక్కదు. ఈ ఒక్క విషయంలో ఆ దేశానికి దండం పెట్టాను.

ఎవరిని ఏ వరసలో ఏరుకుంటారో ఇక్కడ ఎనిమిది మంది ఇంజనీర్లు ముందే పందెం కడతారు. మొదటి పది పేర్లు, వరస తప్పకుండా. నాలుగేళ్ళు మా దొర ఆఖరు. పోయినేడు సూపు వడ్డిస్తూ ఆయన కాగితం మీద వేలు పెట్టాను. "సార్, దిస్ మ్యాన్ నో. బ్యాక్ లెగ్ నో గుడ్." దొర పగలబడి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, కుర్చీ జరిపి నన్ను కూర్చోబెట్టాడు. పోయినేడు గెలిచాం.

దొర గెలిచాడని కాదు, గెలిచాం అని రాశాను. చూద్దాం.

మార్చి 2. శుక్రవారం

ఇందులో విద్యేముంది! రాయచోటి సంతలో ఇరవై ఏళ్ళు ఎద్దుల దళారీ చేశాను. మంచి ఎద్దు ముందు అమ్ముడుపోతుందనుకునేవాడు పచ్చివాడు. కొనేవాడి కొట్టంలో ఏ పక్క ఎద్దు చచ్చిందో కనుక్కోవాలి. దాపటి ఎద్దు చచ్చినవాడికి ఎలపటి ఎద్దును, అది బంగారు కొమ్ములదైనా, అంటగట్టలేం. జట్లూ అంతే. ఎవడు ముసలివాడయ్యాడు, ఎవడి భుజం జారింది... చూస్తే చోటు తెలుస్తుంది. చోటు తెలిస్తే పిల్లవాడు తెలుస్తాడు.

వాళ్ళ పేర్లకు నోరు తిరగదు. బొమ్మలు, కింద అచ్చు పేర్లతో సహా, కత్తిరించి నోటుబుక్కులో అంటించి నా పేర్లు పెట్టుకున్నాను. గంగడోలు. ఎగుమోర. పొట్టిమెడ. ఒకడున్నాడు... కొండల్లో చిన్న కాలేజీ, వాడి గురించి ఎవడూ రాయడు, గోరంత బొమ్మ వేస్తారు. వెనక కాళ్ళు చూడాలి! కొండమేక అని పెట్టాను. ఏడో చోటు వాడిదే.

మార్చి 9

దుమ్ము. పప్పు, పాలు, పక్కబట్ట, అంతా దుమ్మే.

మార్చి 23. శుక్రవారం

దొర వంటింట్లోకి వచ్చాడు. కంపెనీ మెస్సులో పెద్ద వంటవాడు జూన్‌లో గోవా వెళ్ళిపోతున్నాడట. "పుల్లా, ఈసారి కూడా గెలిపించు. ఆ చోటుకు నీ పేరుతో ఉత్తరం రాస్తాను. కంపెనీ ఇఖామా." చేయి చాచాడు. నా చేతికి పిండి ఉంది. ఫర్వాలేదన్నాడు.

ఏడేళ్ళలో దొర నా చెయ్యి పట్టుకోవడం ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 6. శుక్రవారం

బ్నీద్ అల్ గార్, ఖాదరు గది. ఒక గదిలో ఏడుగురు, ఒకే ఫ్యాను. ఖాదరు మా రాయచోటివాడే. పందెం కట్టే ఎనిమిది మందిలో ఒకడైన బర్ట్ దొర కారు నడుపుతాడు. నా మీద వాడికి, వాడి మీద నాకు ఉన్నదేమిటో చుట్టరికపు పేరుతో చెప్పలేను. వాడు మామా అంటాడు, నేను అల్లుడా అంటాను, జరిగిపోతోంది.

నోటుబుక్కు తీస్తే అందరూ మూగారు.

"ముసలాయన ఎద్దుల్ని అమ్మేదయిపోయి ఇప్పుడు మనుషుల్ని అమ్ముతాండాడు రా!" అన్నాడొకడు.

"మామా, ఈ యేడు మొదుట ఎవురు?" అని ఖాదరు.

"అడగగూడదు."

"నాగ్గూడా చెప్పవా? నీ మామిడికాయ ఊరగాయ రాయచోటి నుంచి బొంబాయి దంకా ఒళ్ళో పెట్టుకోని మోసుకొచ్చింది ఎవురు? నూనె కారి నా కొత్త ప్యాంటు పాయె!"

నవ్వొచ్చింది. భుజం మీది తువ్వాలు తీసి వాడి చేతి మీద కప్పాను. సంతలో బేరం ఇట్లాగే. పైన పదిమంది చూస్తుంటారు, కింద వేళ్ళు మాట్లాడుకుంటాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, పిడికిలంతా పట్టుకుంటే అయిదు. ఎడమ చేత్తో బొమ్మ చూపించాను, కుడి చేత్తో వరస చెప్పాను. గంగడోలు, ఒక వేలు. కొండమేక, పిడికిలి, తర్వాత రెండు వేళ్ళు. ఖాదరు కళ్ళు పెద్దవి చేశాడు.

"ఈ మేకపిల్లగాడా?"

"నోరు మూసుకో. తువ్వాలు కింద మాట తువ్వాలు కిందనే."

"అమ్మతోడు మామా."

మిగిలినవాళ్ళు గోల పెట్టారు. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ సంతలో నిలబడ్డట్టుంది. టీలో చక్కెర ఎక్కువైంది, అదీ బాగుంది.

ఏప్రిల్ 20. శుక్రవారం

దొర పది పేర్లు టైపు కొట్టాడు. ఏడో పేరు దగ్గర ఆగాడు. "నిజంగానా?" "బ్యాక్ లెగ్, సార్." కొట్టాడు. కవరు అంటించాడు. సుబ్బమ్మకు జాబు రాశాను — కంపెనీ ఇఖామా వస్తే ఈ వేసవి దాటాక వస్తానేమో అని. 'ఏమో' తర్వాత చేర్చాను.

మే 2

జట్లు ఎవరిని ఏరుకున్నాయో ఆఫీసుకు టెలెక్స్ వచ్చింది. దొర మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. మేం రెండో చోటు. గెలిచింది బర్ట్ దొర. ఎప్పుడూ ఆరో ఏడో వచ్చేవాడు.

కొండమేకను ఎవరూ ఏరుకోలేదు. ఏడో చోటు కాదు, ఏ చోటూ లేదు.

మే 4. శుక్రవారం

బర్ట్ దొర గెలుపు విందు మా దొర ఇంట్లోనే, వంట నాదని. ఎనిమిది కాగితాలూ హాలు గోడకు గుచ్చారు. మాంసం పళ్ళెం పట్టుకొని వెళ్తూ బర్ట్ దొర కాగితం చూశాను. ఏడో పేరు.

కొండమేక.

పళ్ళెం అక్కడే బల్ల మీద పెట్టి మళ్ళీ మొదటి నుంచి చదివాను. గంగడోలు, ఎగుమోర, పొట్టిమెడ... తొమ్మిది పేర్లూ నావే, వరసా నాదే. పదో పేరు మాత్రం తన ఊరివాడిని పెట్టుకున్నాడు, ఊరి పిచ్చితో. ఆ పిచ్చే ఆయన్ను గెలిపించింది.

ఇంజనీర్లలో ఒకాయన నవ్వుతూ చెప్తున్నాడు. ఏడోవాడికి జనవరిలోనే మోకాలు విరిగిందట, ఆ వార్త చింపేసిన సారా పేజీకి వెనక పక్క ఉందట. అమెరికాలో ఆ పత్రిక చదివిన ఆయన అక్క ఫోనులో చెప్పిందట.

అంటే వెనక కాళ్ళు చూసి వాడిని పట్టుకున్నవాడు, చింపిన పేజీ చదవనివాడు, ఈ లోకంలో ఒక్కడే. నా తప్పు నా మొహం వేసుకొని బర్ట్ దొర కాగితం మీద కూర్చుంది.

బయట కార్ల దగ్గర ఖాదరు నిలబడి ఉన్నాడు. ప్రతిసారీ వంటింటి తలుపు దగ్గరికొచ్చి "మామా, ఏమన్నా మిగిలిందా" అంటాడు. ఈ రోజు రాలేదు.

మే 5

దొర రెండు కాగితాలూ వంటింటి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. రెండింట్లోనూ ఏడో పేరు మీద వేళ్ళు.

"ఎవరు?"

చెప్పొచ్చు. ఒక్క పేరు. చెబితే రేపటి విమానంలో ఖాదరు ఖలాస్. కానీ సంతలో తువ్వాలు కింద మాట బయటపెట్టిన దళారీని మళ్ళీ సంతలోకి రానివ్వరు. ఎదుటివాడు ముందు పెట్టినా సరే, నువ్వు పెట్టకూడదు. నేనూ పెడితే ఇంక వాడికీ నాకూ తేడా ఏముంది?

ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను.

"అయితే నువ్వే అమ్ముకున్నావు. నా జాబితా అమ్ముకున్నావు."

నా జాబితా! పోయినేడు గెలిచినప్పుడు విందులో అందరూ ఎలా చెప్పగలిగావని అడిగితే ఈ దొర తన కణత మీద వేలితో తట్టుకున్నాడు. నేను అక్కడే కాఫీ పోస్తున్నాను. ఒక్క మాట చెబుతాడేమోనని కెటిలు వంచి కాస్త ఆగాను కూడా. చెప్పలేదు. ఆ రోజు బాధ పడలేదు, పెద్దవాళ్ళు అంతేలే అనుకున్నాను. ఇప్పుడు ఆ బాధ, దీని వెంట, వడ్డీతో సహా వచ్చింది.

మెస్సు ఉత్తరం సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మే 11. శుక్రవారం

వెళ్ళకూడదనుకుంటూనే బస్సెక్కాను. గదిలో మిగిలినవాళ్ళు బజారుకు పోయారో, లేక వాడే పంపేశాడో. ఖాదరు స్టవ్వు దగ్గర కూర్చుని ఉన్నాడు, స్టవ్వు వెలిగించలేదు.

"నిజమేనా?"

"నిజమే మామా."

అబద్ధమాడతాడనుకున్నాను. అబద్ధానికి జవాబు సిద్ధం చేసుకొని వచ్చాను, దారంతా. నిజం చెబితే ఏమనాలో తెచ్చుకోలేదు.

"ఆయప్పే అడిగినాడు. వాల్టరు లిస్టు తెచ్చిస్తే కంపెనీ డ్రైవరుగా రాసిస్తా అన్న్యాడు. నిఖా అయిన ఇరవై దినాలకు వచ్చినా మామా. మూడేండ్లాయ. దాని మొగం ఎట్లుంటాదో ఫోటోలో చూసి తెల్సుకుంటాండా."

"నాకు నాలుగేళ్ళు."

"తెల్సు."

"తెలిసే చేసినావా?"

"నువ్వు ముందే ముసలోడివి గదా మామా..." అని నాలుక కరుచుకున్నాడు.

ఇదీ మాట. అరవై ఏళ్ళవాడికి పెళ్ళాం మొహం అవసరం లేదు. అది చిన్నవాళ్ళ ఇఖామా.

"తువ్వాలు కింద చెప్పినా నీకు," అన్నాను.

"నేను లారీ మనిషిని మామా. సంత మనిషిని కాదు."

నిజమే. వాడి తప్పు ఎంతో తేల్చుకోలేకపోతున్నాను, నాదెంతో మాత్రం తెలిసింది. సంత కట్టుబాటును సంతకు రానివాడి చేతిలో పెట్టాను. టీ పెట్టనా అన్నాడు. వద్దన్నాను. బస్సులో దాహమైంది.

మే 18. శుక్రవారం

మెస్సుకు మంగళూరు మనిషిని పెట్టుకున్నారట. సూపులో ఉప్పు ఎక్కువేశాను, కావాలనే. దొర తాగేశాడు.

మే 22

సుబ్బమ్మ జాబు. రాసింది బడి అయివారు, మాటలు ఆమెవి. "కంపెనీది వచ్చిందా లేదా ఒక ముక్క రాయి. రాకపోతే రాలేదని రాయి, నేనేం ఏడవను." మూడుసార్లు మొదలుపెట్టాను. మొదటి దాంట్లో మోసపోయానని రాశాను. ఎవరి చేతిలో అని అడుగుతుంది. ఖాదరు అమ్మ, ఈమె ఒకే బావి దగ్గర నీళ్ళు తోడుకుంటారు. చింపేశాను. మిగిలిన రెండూ కూడా.

మే 27

ఇఖామా గడువు తీరింది. కొత్తదానికి దొర సంతకం పెట్టి ఇచ్చాడు, మొహం ఎత్తకుండా. ఇంటి ఇఖామానే. పాస్‌పోర్టు ఆఫీసుకు కంపెనీ బండి పంపారు. నడిపేది ఖాదరు. కొత్త చొక్కా, జేబు మీద కంపెనీ గుర్తు. వెనక సీట్లో సామాను పెట్టెలు ఉన్నాయి, ముందే కూర్చోవాల్సి వచ్చింది.

ముద్ర వేయించుకున్నాను. ఇంకో రెండేళ్ళు. సిరా తడిగా ఉంటే అంటుకుంటుందని పాస్‌పోర్టు మోకాళ్ళ మీద తెరిచి పెట్టుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు సిగ్నలు దగ్గర వాడు అన్నాడు, "సీటు ఎనక్కి జరుపుకో మామా, మోకాళ్ళు తగులుతాండాయి."

జరుపుకున్నాను.