కల్లంలో స్కూటీ

అమ్మాయ్ హారికా, మేం బాగున్నాం, మీరంతా చల్లగా ఉండాలి.

ఫోన్లో చెబితే మీ అమ్మ వింటుందని కార్డు రాస్తున్నా. నా కంటి ఆపరేషన్ అయినాక బండి తోలొద్దన్నారు గదా. "ఉగాదికల్లా నేనే తోలతా" అని మీ అమ్మ నీ పాత స్కూటీ బయటకి తీసింది. మొన్న కల్లంలో నేర్చుకుంటా, బ్రేకు బదులు రేజ్ ఇచ్చి, ఎండబోసిన మిరపకాయల్లోకి పోయి పడింది. నేను పోయేలోపే తుమ్ముకుంటా లేచి, "నవ్వావంటే కాయలన్నీ నీతోనే ఎత్తిస్తా" అని మళ్లీ ఎక్కింది. యాభై దాటినాక ఆ పట్టుదల నాకైతే రాదమ్మా.

మీ అమ్మకి మంచి హెల్మెట్ పంపు. పాపకి జ్వరం తగ్గిందా? అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఈ కార్డు వెయ్యడానికి కూడా రొంపిచెర్లకి మీ అమ్మ వెనకే కూర్చుని పోతున్నా. ఏం రాశావయ్యా అంటే, హెల్మెట్ సంగతని చెబుతా.

మీ నాన్న