ముప్పై రోజులు, వీసా లేకుండా

మార్చి 3, సోమవారం

ఉదయం 7.10. శుభవార్త! పొరుగు దేశం వాళ్ళు తలుపులు బార్లా తెరిచారు. ఈ రోజు నుంచి మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళెవరైనా వీసా లేకుండా వెళ్ళొచ్చట. ముప్పై రోజులు ఉండొచ్చట. ఊళ్ళు చూడొచ్చు, చుట్టాలింటికి వెళ్ళొచ్చు. ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు. నాకెందుకు బాబూ ఉద్యోగం? ఇక్కడ బాగుచెయ్యమని నా నెత్తిన పెట్టిన ఏడు లిఫ్టులు చాలవా?

అన్నయ్య ఉండేది అక్కడే. వదినది ఆ దేశం. నేను ఆయన్ని చూసి ఎనిమిదేళ్ళయింది. ఫోను చేసినప్పుడల్లా "ఎప్పుడొస్తావురా చిన్నోడా?" అంటాడు. "వీసా రావడం లేదన్నయ్యా" అంటాను. చిన్నోడికి మొన్ననే నలభై తొమ్మిది నిండాయి.

తీర్మానం: ఈ నెలాఖరులోగా అన్నయ్య ఇంట్లో అన్నం తింటాను. రాసి సంతకం కూడా పెట్టాను.

చెయ్యాల్సినవి: టికెట్. సెలవు. సూట్‌కేసుకు చక్రం.

మా ఆవిడకు పేపరు చూపించాను. చదివి, మడిచి, "అయితే ఇంక అడ్డేమీ లేదన్నమాట" అంది. మాట బాగానే ఉంది. అన్న తీరే నచ్చలేదు.

మార్చి 4, మంగళవారం

సాయంత్రం 6.00. అన్నయ్యకు చెప్పాను.

"నిజంగానా?"

"నిజంగానే."

"మీ వదిన ముందు గది ఖాళీ చేస్తోందప్పుడే. అందులో నా కుట్టుమిషన్లున్నాయి, అవన్నీ దుకాణానికి పంపించేయాలి."

అన్నయ్య ఇప్పుడు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. కూర్చుని చేసే పని. ఒకప్పుడు మేమిద్దరం కలిసే లిఫ్టులు బాగుచేసేవాళ్ళం. ఆ ఎడమ కాలితో ఇక లిఫ్టు గుంటల్లోకి దిగలేడు కదా.

దాని గురించి ఇంకోసారి రాస్తాను. ఈ రోజు మంచి రోజు.

మార్చి 6, గురువారం

మధ్యాహ్నం 1.20. టికెట్లమ్మే ఆవిడ నా పాస్‌పోర్టు తిరగేసి పెదవి విరిచింది.

"అక్కడ దిగే రోజుకి ఇంకా ఆర్నెల్ల గడువుండాలండీ. మీకు అయిదు నెలల పదకొండు రోజులే ఉంది."

"పంతొమ్మిది రోజులే కదమ్మా తక్కువ!"

"పంతొమ్మిది నిమిషాలు తక్కువైనా వెనక్కే పంపిస్తారు."

వీసా వద్దన్న పెద్దమనుషులకు పాస్‌పోర్టు వయసుతో పనేమిటి? ఘోరం! అన్యాయం!

1.45. ఆ వీధి చివరిదాకా ఈల వేసుకుంటూ నడిచాను. ఎందుకు వేశానో నాకే తెలియదు.

మార్చి 7, శుక్రవారం

మా ఆవిడ డ్రైవింగ్ నేర్పుతుంది. పక్కవాడు తొక్కక ముందే బ్రేకు తొక్కడం ఆవిడ వృత్తి. పొద్దున్నే నన్ను కారులో కూర్చోబెట్టుకుని సరాసరి పాస్‌పోర్టు ఆఫీసు ముందు ఆపింది.

"వాళ్ళు రూలు పెడితే పెట్టారు, మీరు కొత్తది తీసుకుంటే సరి."

ఫొటోలో నవ్వకూడదన్నారు. ఆ ఇబ్బంది నాకు లేకపోయింది.

నెల పడుతుందని ఆశ... కాదు, అంచనా.

మార్చి 12, బుధవారం

ఉదయం 9.30. సెలవు అడిగాను. ఇవ్వరని తెలుసు. బట్టల మార్కెట్లో ఆరంతస్తుల లిఫ్టు నా చెయ్యి పడితే తప్ప మాట వినదు. దాన్ని వదిలి ఎలా వెళ్తాను? ఆ సంగతే సూపర్‌వైజరుకు గట్టిగా చెప్పాను.

"పదేళ్ళలో ఒక్క సెలవు పెట్టలేదు మీరు. రెండు వారాలు హాయిగా వెళ్ళి రండి" అని అప్పటికప్పుడే సంతకం పెట్టేశాడు. పైగా భుజం తట్టాడు.

ఇలాంటి మంచివాడు పగవాడిక్కూడా వద్దు.

సాయంత్రం ఇంట్లో మళ్ళీ ఆ మాటే ఎత్తాను. "నేను లేకపోతే మార్కెట్ జనం ఏమైపోతారు?"

"మెట్లెక్కుతారు" అంది మా ఆవిడ. "ఒళ్ళు తగ్గుతుంది."

మార్చి 17, సోమవారం

పాస్‌పోర్టు వచ్చేసింది. పది రోజులకే! ఇంత చురుగ్గా పనిచేసే ఆఫీసు ఈ భూమ్మీద ఇంకోటి ఉండదు. నా ఖర్మకు అదే దొరికింది.

సాయంత్రం 5.15. రానూపోనూ టికెట్లు. రిటర్న్ చూపిస్తేనే లోపలికి రానిస్తారట. వెళ్ళడం ఇరవై ఏడు ఉదయం, రావడం ఏప్రిల్ పది. బస ఎక్కడో రాయమంటే మా ఆవిడే అన్నయ్య చిరునామా గడగడా చెప్పింది. నాకు నోటికి రాదు. ఆ చిరునామాకు నేనెప్పుడూ ఒక్క ఉత్తరం రాయలేదు.

మార్చి 20, గురువారం

పన్ను నొప్పి. కింద, కుడివైపు.

మధ్యాహ్నానికి ఎడమవైపు.

సాయంత్రం మా ఆవిడతో అసలు సంగతి చెప్పేశాను. నాకు విమానమంటే భయం.

ఆవిడ కారు తాళాలు బల్ల మీద పెట్టింది. "ఇరవై అంతస్తుల ఎత్తున లిఫ్టు నెత్తి మీద నిలబడి పనిచేసే మనిషికి విమానమంటే భయమా?"

"అది వేరు, ఇది వేరు."

"భయం విమానమంటేనా, దిగాక ఎదురొచ్చే మనిషంటేనా?"

బ్రేకు. నేనింకా కాలు కూడా కదపలేదు.

మార్చి 23, ఆదివారం

ఇంకోసారి రాస్తానన్నది ఈ రోజు రాస్తున్నాను. ఇల్లంతా ఖాళీగా ఉంది, ఇప్పుడు రాయకపోతే ఇక రాయను.

ఎనిమిదేళ్ళు దాటింది. ఒక పాత ఆఫీసు భవనం. అన్నయ్య కింద గుంటలోకి దిగాడు. నా వంతు పైన మోటారు గది. నేను చెయ్యాల్సినవి రెండే పనులు. మెయిన్ స్విచ్ ఆపాలి. కింద తలుపుకు 'పని జరుగుతోంది' అన్న బోర్డు తగిలించాలి. బోర్డు తగిలించాను. పైకి వెళ్ళేసరికి ఇంకో భవనం వాళ్ళు ఫోన్ చేశారు. వాళ్ళతో వాదిస్తూ స్విచ్ సంగతి మరిచిపోయాను.

మొదటి అంతస్తులో ఎవరో లిఫ్టెక్కి కిందికి రావడానికి బటన్ నొక్కారు. లిఫ్టు కిందికి కదిలింది. అన్నయ్య పక్కకు దొర్లి ప్రాణం దక్కించుకున్నాడు. ఎడమ కాలు మాత్రం లిఫ్టు కింద నలిగిపోయింది.

నన్ను ఒక్క మాట అనలేదు. కాలు కొంచెం నిలదొక్కుకున్నాక వదిన వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన ఇటు రాలేదు. పిలిస్తే కదా రావడానికి? నేను పిలవలేదు.

ఇంకొకటి కూడా రాస్తాను. 'వీసా రావడం లేదు' అన్నది అబద్ధం. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా దరఖాస్తు పెట్టలేదు.

మార్చి 27, గురువారం

6.05. మా ఆవిడ విమానాశ్రయం దగ్గర దింపింది. తొమ్మిదింటికి ఎవరికో క్లాసు ఉందని వెళ్ళిపోయింది. చక్రం సంగతి కుదరలేదు, కాబట్టి ఒక్క చేతిసంచీతోనే వచ్చాను.

6.40. కౌంటరు. ఇక్కడైనా ఏదో ఒక లోటు బయటపడుతుందని నమ్మకం.

"వీసా అక్కర్లేదండీ. రిటర్న్ టికెట్? ఉంది. అడ్రసు? ఉంది. అంతే, వెళ్ళండి."

"ఇంకేమీ వద్దా?"

"వద్దండీ."

"ఒకసారి సరిగ్గా చూడమ్మా."

ఆ అమ్మాయి నన్నే సరిగ్గా చూసింది.

7.15. పాస్‌పోర్టు మీద ముద్ర. తనిఖీలో బెల్టు విప్పించారు, అదీ మోగలేదు.

8.10. లైను మొదలైంది. అందరూ లేచారు. నేను కూర్చున్నాను. జనం తగ్గాక లేద్దామని.

8.30. జనం తగ్గారు.

8.40. మైకులో నా పేరు పిలిచారు. మూడుసార్లు. మూడుసార్లూ ఆ మనిషెవరా అన్నట్టు చుట్టూ చూశాను.

8.52. తలుపు మూశారు.

తిరిగి బయటికి రావడానికి నాలుగు చోట్ల సంతకాలు పెట్టించుకున్నారు, పొద్దున వేసిన ముద్ర మీద చెల్లదని గీత కొట్టారు. దేశం దాటడం కంటే దాటకపోవడానికే రూల్సెక్కువ.

10.00. బస్సులోంచి అన్నయ్యకు మెసేజ్ పెట్టాను. ఫ్లైట్ రద్దయింది.

12.10. అన్నయ్య ఫోన్. "విమానం దిగిందిరా. జనమంతా వచ్చేశారు. నేనింకా గేటు దగ్గరే ఉన్నాను."

ఆయనే పెట్టేశాడు.

సాయంత్రం మా ఆవిడ వచ్చి నన్ను చూసింది, సంచీని చూసింది. రెండు కంచాలు పెట్టింది.

మార్చి 28, శుక్రవారం

ఉదయం 11.00. మార్కెట్ మెట్ల మీద కూర్చుని నేనే ఫోన్ చేశాను.

"అన్నయ్యా, ఫ్లైట్ రద్దవలేదు."

"చూశాను కదరా."

"వీసా కూడా..."

"నువ్వు అప్లై చెయ్యలేదు. అదీ తెలుసు."

"ఎలా?"

"ఇన్నాళ్ళూ ఈ దేశం వీసా కావాలంటే ఇక్కడి చుట్టాలు ఆహ్వానపత్రం పంపాలి. అది లేకుండా దరఖాస్తే తీసుకోరు. ఎనిమిదేళ్ళలో నన్ను ఒక్క కాయితమైనా అడిగావా?"

మెట్ల మీద ఎవరో బరువు మోసుకుంటూ ఎక్కుతున్నారు. పక్కకు జరిగాను. ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"ఆ రోజు స్విచ్ నేనే ఆపలేదన్నయ్యా."

"ఆపలేదు. దిగే ముందు నేనూ కేకేసి అడగలేదు. దాని మీద నాకున్న కోపం ఎప్పుడో పోయింది."

"మరింకేంటి?"

"నలభై రోజులు ఆసుపత్రిలో ఉన్నాన్రా. నువ్వు ఒక్కసారి రాలేదు. తలుపు చప్పుడైతే చాలు, నువ్వేననుకునేవాణ్ణి. అప్పుడు మధ్యలో ఏ దేశం అడ్డొచ్చిందిరా? రెండు వీధులేగా!"

నేను ఏడ్చాను. పట్టపగలు, మార్కెట్ మెట్ల మీద, యూనిఫాం వేసుకుని. ఆసుపత్రి గేటు దాకా వచ్చేవాణ్ణని చెప్పాను. చాలాసార్లు. పై అంతస్తు కిటికీలు లెక్కపెట్టి తిరిగి వెళ్ళిపోయేవాణ్ణని.

"గేటు దాకా వచ్చి తిరిగిపోవడం నీకు అప్పట్నుంచే అలవాటన్నమాట" అన్నాడు అన్నయ్య. నవ్వాడో, ఏడ్చాడో తెలియలేదు. తర్వాత ముక్కు చీదుకున్నాడు. "రేపో మాపో రా. మీ వదిన మిషన్లు మళ్ళీ గదిలో పెట్టించేలోగా రా."

మార్చి 31, సోమవారం

ఉదయం 7.30. మళ్ళీ మొదలు!

కొత్త టికెట్లు, గురువారానికి. ఈసారి రెండు. పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్ళిన రోజే మా ఆవిడ తనదీ చేయించుకుందట. నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "మొదటిసారి పరీక్ష తప్పినవాళ్ళకి రెండోసారి నేనే పక్కన కూర్చుంటాను" అంది. అంటే నేను తప్పుతానని ఆవిడకు ముందే తెలుసు. కోపం రావాలి. రాలేదు.

దిగే ముందు నింపాల్సిన ఫారం ఒకటుంది, ఇద్దరం కూర్చుని ఫోన్లో నింపాం. వచ్చిన పని ఏమిటట? విహారం, వ్యాపారం, బంధువుల సందర్శన, ఇతరం. 'ఇతరం' నొక్కితే వివరించమని ఇంకో గడి తెరుచుకుంది.

'పరామర్శ' అని రాశాను.

"ఎనిమిదేళ్ళ తర్వాతా?" అంది మా ఆవిడ, భుజం మీంచి తొంగి చూస్తూ.

"దానికి గడువెంతో రూల్సులో ఎక్కడా రాయలేదు."

ఆవిడ 'పంపు' నొక్కింది.

తీర్మానం, ఈసారి ఒక్కటే: పేరు పిలవగానే లేవాలి.