గౌరి స్కాన్‌లో నీ తలనొప్పి

అక్కా,

నీ కూతురు గౌరికి తలనొప్పి తగ్గడం లేదని నిన్న బావా నేనూ మదనపల్లె తీసుకెళ్లాం. వాళ్లమ్మ ఎట్లా పోయిందని డాక్టరు అడిగాడు. టమోటా చేలో తల పట్టుకుని కుప్పకూలిందనీ, అందరూ ఎండదెబ్బ అన్నారనీ చెప్పాను. ఆయన వెంటనే తలకు స్కాన్ రాశాడు.

తర్వాత కంప్యూటర్‌లో బొమ్మ చూపించాడు. గౌరి మెదడులో ఒక రక్తనాళం చిన్న బుడగలా ఉబ్బింది.

"ఇంకా పగల్లేదు కాబట్టి ఆపరేషన్ చేయొచ్చు. కొన్ని కుటుంబాల్లో ఇది తల్లి నుంచి బిడ్డకు వస్తాది. వాళ్లమ్మకు బహుశా ఇదే పగిలుంటుంది" అన్నాడు.

బావ కుర్చీలోంచి లేచాడు. "అయితే ఎండ కాదా సార్? తలనొప్పిగా ఉండాది, ఈపొద్దు రాలేనని చెప్పింది. కాయలు కోసేదానికి నేనే బలవంతంగా పిలుచుకోని పోతిని."

"ఎండ కాదప్పా. ఇంట్లో పడుకోనున్నా పగిలుండొచ్చు."

నువ్వు పోయినప్పటి నుంచి బావ నీ పేరెత్తలేదు. ఎవరైనా ఎత్తితే లేచి బయటికి పోయేవాడు. నిన్ను మరిచిపోయాడనే అనుకున్నాను.

నిన్న తిరిగొచ్చేటప్పుడు పుంగనూరు బస్సులో గౌరిని పక్కన కూర్చోబెట్టుకుని నీ గురించి మొదలుపెట్టాడు. పెళ్లిచూపుల్లో నువ్వు నవ్వు ఆపుకోలేకపోవడం, రాగిసంగటి గట్టిగా ఉందంటే అలగడం, అన్నీ చెప్పాడు. తల్లి ముఖం కూడా గుర్తులేని గౌరి అడిగి అడిగి చెప్పించుకుంది. మన ఊరు దాటిపోతున్నా మేం దిగలేదక్కా.