కాబోయే మరిది పన్ను

నరసరావుపేట,
ఆదివారం.

చిరంజీవి కావ్యకు అక్క బిందు దీవించి రాసేది. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. బెంగళూరులో నువ్వూ వేళకు తింటూ కులాసాగా ఉన్నావనుకుంటాను. నాన్న రాజుపాలెంలో మిరపకాయల కల్లం దగ్గరే కాపురం పెట్టాడు. అమ్మ నీ పెళ్ళి చీరల గురించి రోజుకో మాట మారుస్తోంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. ఎర్రంచు చీర నాకు నచ్చలేదు, కట్టుకునేదానివి నువ్వు గనక నన్నడగకు. ముహూర్తం మారలేదు. ఇక, "హెపటైటిస్ బి టీకా వేయించుకోమని ఒకటే పోరు పెడుతున్నావు, ఏందక్కా నీ గోల" అన్నావు. ఈ ఉత్తరం దాని గురించే.

పోయిన నెల నీ తేజ జ్ఞానదంతం నొప్పితో చెంప పట్టుకుని నకరికల్లు నుంచి మా క్లినిక్‌కి వచ్చాడు. కొత్తగా ఎవరొచ్చినా కామెర్లు వచ్చాయా, రక్తం ఎక్కించుకున్నారా అని అడిగాకే కుర్చీ ఎక్కిస్తాను. కాబోయే మరిదిని అవి అడిగితే, పిల్లనిచ్చేవాళ్ళు ఆరా తీస్తున్నారని వాళ్ళింట్లో అనుకుంటారు. అందుకని కాఫీ ఇచ్చి కుర్చీ ఎక్కించాను. మత్తు సూది వేసి మూత పెట్టబోతుంటే గ్లవుజులోంచి నా వేలికి గుచ్చుకుంది.

అలా జరిగితే పేషెంటు రక్తం, మా రక్తం రెండూ పరీక్షకు పంపాలి. ఆ మాట చెప్పగానే తేజ తల దించుకున్నాడు.

"పరీక్ష ఎందుకులెండి వదినా. నాకు హెపటైటిస్ బి ఉంది. కాలేజీలో రక్తదానం చేసినప్పుడే తెలిసింది."

"ఇంట్లో తెలుసా?"

"మా అమ్మకి తెలుసు. కావ్యకి మాత్రం చెప్పబాకండి. పెళ్ళయినాక నేనే చెప్తా."

"పెళ్ళయినాక చెప్పేదేంది, దానికి అంటుకున్నాకా?"

అతను నోరు తెరిచి వెనక్కి వాలాడు. పన్ను తీసి, కుట్లు వేసి పంపించాను.

నాకేం కాలేదు. నేను టీకా ఎప్పుడో వేయించుకున్నాను. అది పనిచేస్తోందని పరీక్షలోనూ వచ్చింది. కానీ ఆ రోజు నుంచి నాకు కోపం రావడం లేదు, ఏడుపూ రావడం లేదు. పనిముట్లు కడుగుతాను, క్రిములు చావడానికి ఆటోక్లేవ్‌లో పెడతాను, తీస్తాను. అమ్మ చీరలు చూపిస్తే బాగున్నాయంటాను.

కంచం, గ్లాసు వేరు పెట్టే జబ్బు కాదిది. రక్తంతోనూ కాపురంతోనూ అంటుతుంది. టీకా డోసులన్నీ పూర్తయి, పనిచేసిందని పరీక్షలో తేలితే నీకు భయం లేదు. తేజ కూడా పరీక్షలూ మందులూ మానకుండా ఉంటే నిక్షేపంగా బతుకుతాడు. అతను చెడ్డవాడని అనను. నీకు చెప్పకుండానే పీటల మీద కూర్చోబెడదామనుకున్నాడే, అదే నాకు మింగుడు పడటం లేదు.

నా కుర్చీలో కూర్చున్నవాళ్ళ రోగం నేను బయటపెట్టకూడదు. నువ్వేమో నా చెల్లెలివి. నిన్న తేజని పిలిపించి, కావ్యకి నువ్వే చెప్పమన్నాను.

"నాకు నోరు రాదు వదినా" అన్నాడు.

"నేను రాసిస్తా, తీసుకెళ్ళి ఇస్తావా? ఇవ్వకపోతే పెళ్ళి ఆపేస్తా. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పను."

చివరికి సరేనన్నాడు. రేపు అతనెక్కే బెంగళూరు బస్సు దగ్గరికి వెళ్ళి, కవరు అంటించకుండా దీన్ని అతని చేతికే ఇస్తాను. దారిలో చదువుకోమంటాను, చించేయాలనిపిస్తే చించేయమంటాను.

నువ్వు ఇది చదువుతున్నావంటే తేజ నీ ఎదురుగానే నిలబడి ఉంటాడు. ముందు అతన్ని కూర్చోమను. ఆ తర్వాత ఏం చెబుతావో నీ ఇష్టం.

ఇట్లు,
నీ అక్క,
బిందు