అలల రెయిలింగ్

మార్చి 3, సోమవారం

మామయ్యగారు ఈ రోజు నా గోడ తీసేసుకున్నారు.

గోడంటే మా వెల్డింగ్ వర్క్‌షాప్‌లో ఆఫీసు బల్ల వెనక ఉన్న గోడ. పన్నెండేళ్లుగా దాని మీద నేను వేసిన డిజైన్లే ఉండేవి. మెట్ల రెయిలింగులు, బాల్కనీలు, కిటికీ గ్రిల్లులు, తోట కంచెలు, అన్నీ పెన్సిల్‌తో వేసినవి. కస్టమర్ వస్తే మామయ్యగారు కుర్చీలోంచి లేచి మరీ, ఇవి మా పెద్దకోడలు వేసినవి అని చూపించేవారు. ఈ రోజు వాటిలో ఆరు ఊడదీసి, ఆ చోట మా తోడికోడలి రంగుల ప్రింట్లు అంటించారు. నా కాగితాలు పాతబడి మసకగా కనిపిస్తున్నాయట. వాటిని జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టారు. చించి పారేసినా ఇంత బాధ ఉండేది కాదేమో.

మా మరిదికి పెళ్లై నాలుగు నెలలు. ఆ అమ్మాయి ఇంటీరియర్ డిజైన్ చదివింది. ఏదైనా లాప్‌టాప్‌లో వేసి, గిర్రున తిప్పి చూపిస్తుంది. నేను వర్క్‌షాప్ నేల మీద సుద్దముక్కతో మోకాళ్ల మీద కూర్చుని గీసేదాన్ని. ఆమె కుర్చీలో కూర్చుని మౌస్ కదుపుతుంది. ఇకమీదట ఈ డైరీలో ఆమె మౌసురాణి.

మార్చి 4, మంగళవారం

మా ఆయన కూడా గోడ చూశారు. "బాగున్నాయి కదా" అన్నారు. మూడుసార్లు. లెక్కపెట్టాను.

మార్చి 7, శుక్రవారం, మధ్యాహ్నం 2.00

కొత్త పని వచ్చింది. రిటైరైన టీచరుగారు మేడ కట్టుకున్నారు. పైన బాల్కనీకి రెయిలింగ్, కింద తోట చుట్టూ కంచె కావాలి. ఇద్దర్నీ డిజైన్లు వెయ్యమన్నారు మామయ్యగారు. పోటీ అనలేదు. అనక్కర్లేదు.

నేను మూడు రోజులు కష్టపడ్డాను. నిలువు కడ్డీలు, వాటి మధ్య తీగ మెలికలు. పాత పద్ధతే, కానీ మెలిక ఎక్కడా రెండోసారి రాకుండా వేశాను.

మౌసురాణి తొమ్మిది అడ్డ పైపులు వేసింది. ఒక్కో పైపు కొంచెం కొంచెంగా వంగి ఉంటుంది. దూరం నుంచి చూస్తే అలలు. సాయంత్రం నాలుగింటికి గచ్చు మీద నీడ ఎలా పడుతుందో కూడా స్క్రీన్ మీద చూపించింది. టీచరుగారు గుండె మీద చెయ్యి వేసుకుని, సముద్రం ఒడ్డున కూర్చున్నట్టుందమ్మా అన్నారు. నా కాగితం ఆవిడ ఒళ్లో ఉంది. దాని మీద కళ్లజోడు పెట్టుకున్నారు.

బాల్కనీ ఆమెకు. "కంచె మా పెద్దకోడలు వేస్తుందిలెండి" అన్నారు మామయ్యగారు. ఆ "లెండి" విన్నప్పటి నుంచి అన్నం సహించడం లేదు.

మార్చి 11, మంగళవారం

మా మేస్త్రికి ప్రింటు చూసి పైపు వంచడం అలవాటు లేదు. నేల మీద అసలు కొలతతో సుద్దగీత ఉండాలి. దాని మీద పైపు పెట్టి సరిచూసుకుంటాడు. ఆ గీతలు గీసేది నేనే. అంటే మౌసురాణి అలలు నా చేత్తో, నా మోకాళ్ల మీద కూర్చుని గీయాలన్నమాట. గీశాను.

నాలుగో గీత దగ్గర చెయ్యి ఆగిపోయింది.

పైపుకీ పైపుకీ నాలుగంగుళాల ఎడం. పిల్లల తల పట్టదు. ఆ లెక్క ఆమె సరిగ్గానే చూసుకుంది. కానీ అడ్డ పైపులంటే నిచ్చెన మెట్లే. మా అమ్మాయి రెండున్నరేళ్లప్పుడు మా అక్కవాళ్లింట్లో ఇలాంటి దాన్నే గబగబా పైదాకా ఎక్కేసింది. అప్పటి నుంచి మేడ మీదకి నేను అడ్డ కడ్డీలు వెయ్యను. టీచరుగారికి మూడేళ్ల మనవరాలు ఉంది, పగలంతా ఆవిడ దగ్గరే ఉంటుంది. మొదటి రోజే చెప్పారు. అప్పుడు మౌసురాణి లాప్‌టాప్ తెరుస్తోంది, వినలేదు. నేను విన్నాను.

ఇంతలో ఆమె వచ్చి నా వెనక నిలబడింది. "అక్కా, నువ్వు గీస్తే స్క్రీన్ మీదకన్నా బాగుంది" అంది.

నేను చీర దులుపుకుని లేచాను. ఇంకా ఐదు గీతలున్నాయి, కదలకు, చెరిగిపోతుంది అన్నాను. అదొక్కటే అన్నాను.

మార్చి 12, బుధవారం

చెప్పలేదు.

మార్చి 19, బుధవారం, ఉదయం 11.00

పైపుల వెల్డింగ్ అయిపోయింది. గ్రైండర్ పెట్టి అతుకులు నున్నగా చేస్తున్నారు. అతుకు ఎక్కడుందో వేలికి కూడా తెలియడం లేదు. మేస్త్రి ఇరవై ఏళ్లలో ఇలాంటి పని చెయ్యలేదట. నా డిజైన్లు చేసిన పన్నెండేళ్లూ ఆ ఇరవైలోనే ఉన్నాయి కదా, మేస్త్రీ?

నన్నెవరూ అడగలేదు. అడిగితే చెబుతాను. చదువుకున్న పిల్లకు నేను పాఠం చెప్పడమేమిటి? ఇలా రోజుకో సాకు దొరుకుతోంది.

నా కంచె మొదలైంది. పొట్టివీ పొడుగువీ కలిపి సన్నటి కడ్డీలు, పైన కొంచెం వాల్చి. గాలికి గడ్డి వాలినట్టుండాలని. మామయ్యగారు చూసి, బావుంది, త్వరగా కానివ్వండి అన్నారు.

మార్చి 24, సోమవారం

అలల రెయిలింగ్ బిగించారు. ఫొటోలు వీధంతా తిరుగుతున్నాయి. సాయంత్రానికి ముగ్గురు అలలే కావాలని వచ్చారు. చిన్నకోడలు అడుగుపెట్టిన వేళావిశేషం అన్నారు మామయ్యగారు. మా ఆయన తల ఊపారు. మా మరిది మొహం చాటంత అయింది. ఆమె మాత్రం, సుద్దగీత అక్కది, వంపు మేస్త్రిది, నాదేముంది అంది. మంచితనం కూడా ఆమెకే కావాలి!

నిజం రాసుకుంటాను. ఎవరైనా ఒక మాట అనాలని ఉంది. ఇదేమిటి, నిచ్చెనలా ఉందే అనాలి. అంతే. పాపకేమీ కాకూడదు. మాట మాత్రం రావాలి.

మార్చి 29, శనివారం, మధ్యాహ్నం 3.30

ఈ అక్షరాలు నావిలా లేవు.

పొద్దున కంచె బిగించడానికి మేస్త్రితో నేనూ వెళ్లాను. పదకొండుకల్లా అయిపోయింది. టీచరుగారు కంచె ముందు చాలాసేపు నిలబడ్డారు. బాల్కనీ చూసి అందరూ అబ్బా అంటున్నారు గానీ, నాకు మనసుకు పట్టింది ఇదేనమ్మా, ఇనుము నేలలోంచి మొలిచినట్టుంది అన్నారు. నెల రోజులుగా నేను మొహం వాచి ఉన్న మాట. ఇంకొక్కసారి అంటారేమోనని తలెత్తాను.

ఆవిడ తల వెనక, మేడ మీద, పాప.

కాళ్లు ఆరో పైపు మీద. పొట్ట పై పైపుకు ఆనించి ఇవతలికి వంగి ఉంది. ఒక చేత్తో పట్టుకుని రెండోది మాకు ఊపుతోంది.

నేను అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడి వదిలేస్తుంది. టీచరుగారి మోచెయ్యి పట్టుకుని, పాప బాల్కనీ రెయిలింగ్ ఎక్కింది, పిలవకండి, చప్పుడు చెయ్యకుండా పైకి వెళ్లండి అన్నాను. బాల్కనీ కిందకు వెళ్లి చేతులు చాపి నిలబడ్డాను. పై నుంచి పడితే పట్టుకోగలనా? తెలియదు. పాపతో ఏదో ఒకటి మాట్లాడాలి.

"ఎన్ని పైపులు ఎక్కావు తల్లీ? రెండు చేతులతో పట్టుకుని లెక్కపెట్టు" అన్నాను.

రెండో చెయ్యి వేసింది. "ఒకటి, రెండు, మూడు, ఐదు."

"నాలుగు మర్చిపోయావు. మళ్లీ."

మళ్లీ మొదలుపెట్టింది. మూడు దగ్గర ఆగి నా వంక చూసి నవ్వింది, కావాలనే ఆగినట్టు. అప్పుడు వెనక నుంచి టీచరుగారి చేతులు వచ్చి లాక్కున్నాయి.

పాప ఏడవలేదు. టీచరుగారే గచ్చు మీద కూలబడి ఏడ్చారు. నేను నిచ్చెనెక్కాను, నిచ్చెనెక్కాను అని పాప మేస్త్రికి కూడా చెప్పింది.

నేను కోరుకున్న మాట వచ్చింది.

ఏప్రిల్ 1, మంగళవారం

రెయిలింగ్ ఊడదీసి తెచ్చారు. వర్క్‌షాప్ గోడకు ఆనించి ఉంది. టీచరుగారు మామయ్యగారిని కూర్చోబెట్టి కడిగిపారేశారట. ఇంట్లో పసిపిల్ల ఉందని చెప్పినా ఒక్కరికీ తట్టలేదా అన్నారట. మామయ్యగారు నీళ్లు నమిలి వచ్చేశారు. అలలు కావాలన్న ముగ్గురికీ తనే ఫోన్ చేసి, వేరేది వేస్తామని చెప్పారు.

ఆ అమ్మాయి రెండు రోజులుగా లాప్‌టాప్ తెరవలేదు. మధ్యాహ్నం మేడ మీద బట్టలు ఆరేస్తుంటే నా పక్కకు వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "నాకు తట్టలేదక్కా. నీకు కనిపించుంటే చెప్పేదానివి కదా" అంది.

"ఊఁ" అన్నాను.

ఏప్రిల్ 2, బుధవారం

ఊఁ అన్నాను.

ఏప్రిల్ 4, శుక్రవారం, ఉదయం 8.00

చెప్పేశాను. వంటింట్లో, స్టవ్ ఆపి.

నాకు కనిపించింది, సుద్దగీతలు గీస్తున్న రోజే కనిపించింది అన్నాను. ఆమెకు మొదట అర్థం కాలేదు. మర్చిపోయావా అక్కా అంది. నాకు తప్పించుకునే దారి కూడా ఆమే చూపిస్తోంది. మర్చిపోలేదు, నీకు పేరు రావడం చూడలేక నోరు మూసుకున్నాను అన్నాను. ఏడుపు రాలేదు.

"పాప పడిపోయుంటే?" అంది.

ఆమె చేతిలోని మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి, వెళ్లిపోయింది.

ఏప్రిల్ 5, శనివారం

మామయ్యగారికీ మా ఆయనకీ నేనే చెప్పాను. ఎవరి నోటో వినడం కన్నా నయమని. మామయ్యగారు భోజనం పూర్తిచేశారు. చెయ్యి కడుక్కుని వచ్చి, నీ డిజైన్లు గోడ మీంచి తీసింది నేను, కోపం ఉంటే నా మీద చూపించాల్సింది అన్నారు. ఆ పసిదాని మీద కాదు అన్నారు. ఇకనుంచి ఏ డిజైన్‌కు ఇనుము కొయ్యాలన్నా దాని మీద ఇద్దరి సంతకాలూ ఉండాలట.

మా ఆయన లేచి వర్క్‌షాప్‌కు వెళ్లిపోయారు. ఏదో ఒకటి అంటే బాగుండు.

మధ్యాహ్నం టీచరుగారింటికి వెళ్లి ఆవిడకూ చెప్పాను. ఆవిడ తలుపు వెయ్యలేదు. అలాగని లోపలికి రమ్మనీ అనలేదు.

ఏప్రిల్ 12, శనివారం

తోడికోడలు నన్ను మీరు అంటోంది. టీ తాగుతారా? ఈ సంతకం పెడతారా? ఎక్కడా గొంతు పెంచదు. అక్కా అనే మాట మానేసింది. ఎవరైనా వింటే ఎంత మర్యాద అనుకుంటారు. ఒక్క చెంపదెబ్బ కొట్టినా ఇంతకంటే తేలిగ్గా ఉండేది.

ఏప్రిల్ 21, సోమవారం

టీచరుగారి బాల్కనీకి ఆమె మళ్లీ వేసింది. ఈసారి అన్నీ నిలువు కడ్డీలే. ఒక్కో కడ్డీ ఒక్కో ఎత్తులో కొంచెం వంగి ఉంది. ఎదురుగా నిలబడితే మామూలు రెయిలింగ్. పక్క నుంచి నడుచుకుంటూ పోతే అల కదులుతుంది. కాలు పెట్టడానికి ఎక్కడా చోటు లేదు. నేల మీద అసలు కొలతతో గీసి, మా అమ్మాయి పాత నాలుగంగుళాల బంతి ప్రతి ఎడంలోనూ పెట్టి చూశాను. ఎక్కడా పట్టలేదు.

మొదటిదానికన్నా ఇదే బాగుంది. సంతకం పెట్టాను. కడుపులో మంట కొంచెం కూడా తగ్గలేదు. తగ్గుతుందనుకున్నాను.

మే 3, శనివారం

పెద్ద గేటు డిజైన్ సంతకానికి వచ్చింది. చాలా బాగా వేసింది. గంటసేపు తప్పు కోసం వెతికాను. దొరికింది. గేటు లోపలికి తెరుచుకుంటుంది, ఆ ఇంటి లోపలి నేల పైకి వాలు. సగం తెరుచుకోగానే అడుగు పట్టీ నేలకు రాసుకుని ఆగిపోతుంది. కాగితం పట్టుకెళ్లి వెంటనే చూపించాను.

ఆమె స్క్రీన్ మీంచి తల తిప్పలేదు.

"తెలుసు. చెప్తావో లేదో చూద్దామని వదిలేశాను" అంది.

చెప్తారో కాదు, చెప్తావో, అంది.