తెల్లగా ఉండిపోయిన పేజీ

బుధవారం, ఉదయం.

మిరపకాయ అని మేమంతా ముద్దుగా పిలుచుకునే మా మరదలికి, వదిన ఆశీర్వదించి రాస్తున్నది.

ఉభయకుశలోపరి అని రాయవలసిన చోటు ఇది. ఇవాళ్టికి ఆ మాట దాటేస్తున్నాను. ఫోన్లో నన్ను బ్లాక్ చేశావు, మెయిల్ పంపితే తెరవవు. అందుకే ఆఫీసు డ్రైవరు చేతికి ఈ కాగితం ఇచ్చి నీ హాస్టలుకు పంపుతున్నాను. నా చేతిరాత చూడగానే చింపేయాలనిపిస్తుందని తెలుసు. చదివాకే చింపు.

ఇవాళ మధ్యాహ్నం భోజనాల వేళకు, జనం అంబులెన్సు పిలిపించుకునే మన ఆఫీసు పాత సైటు తీసేస్తున్నారు. నువ్వు పీహెచ్‌పీలో రాసినది. ఇన్నాళ్లూ అదీ నా కొత్తదీ పక్కపక్కనే నడిచాయి, ఇక మీదట నాదొక్కటే ఉంటుంది. అలా జరగకూడదు.

అవునమ్మా, ఈ మాట అంటున్నది నేనే. పీహెచ్‌పీ తాతల కాలం నాటి కోడింగ్ భాష అని, జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ లాంటి కొత్త సరంజామా లేకుండా ఈ రోజుల్లో ఎవరూ సైటు కట్టరని అందరి ముందూ వాదించిన వదిననే. అంబులెన్సు పిలిచేవాళ్లకు హంగులెందుకని నువ్వు ఒంటికాలి మీద లేచావు. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా! నీ చెయ్యి తప్ప గదిలో అన్ని చేతులూ నా వైపే లేచాయి. నువ్వు రాజీనామా మేనేజరు గారి బల్ల మీద పెట్టి, మా మేడ మీది గది ఖాళీ చేసి వెళ్లిపోయావు. మీ అన్నయ్య మాత్రం మన మధ్య అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు.

నిన్న జరిగింది విను. ఒకావిడ భర్త మెట్లు దిగుతూ ఛాతీ పట్టుకుని కూలబడిపోయాడు. ఆవిడ ఫోను పై గదిలో ఛార్జింగులో ఉంది. భర్త జేబులోంచి ఫోను లాగింది. పాత ఫోను, మెట్ల కింద సిగ్నల్ అంతంత మాత్రం. అంబులెన్సు నంబరు ఎంతకీ కలవలేదు. కొత్త సైటు తెరిచింది. పేజీ తెల్లగా ఉండిపోయింది. మళ్లీ తెరిచింది, మళ్లీ తెలుపే. ఆయన పెదవులు రంగు మారుతున్నాయి. చివరికి పాత అడ్రసు గుర్తొచ్చి కొట్టింది. నీ పేజీ వచ్చింది. బటన్ నొక్కింది. బండి వచ్చింది.

ఎందుకలా అయిందో ఆలోచించాను. మనం పరీక్షించినదంతా ఆఫీసు వైఫై మీద, మెరిసిపోయే కొత్త ఫోన్లలో. నా పేజీ ముందు కోడ్ మూటంతా ఫోన్లోకి దించుకుంటుంది, అది పూర్తయితే గానీ తెర మీద ఒక్క అక్షరం కనపడదు. నీది సర్వర్ దగ్గరే తయారై వచ్చేస్తుంది. అందం చందం లేదు, ఆ ఎర్ర బటన్ చూస్తే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. కానీ అది పని చేస్తుంది. నాదాన్ని కూడా అలా మార్చొచ్చు. దానికి నెలలు పడుతుంది.

మేనేజరు గారికి నిన్ననే ఫోన్ చేసి చెప్పాను. పాతది ఉంచడానికి తనకేం అభ్యంతరం లేదట. కానీ రేపు అది మొరాయిస్తే బాగుచేసేదెవరమ్మా, ఆ కోడ్ తెలిసిన ఒక్క మనిషినీ మీరే సాగనంపారు కదా అన్నారు. మీ మరదలు తిరిగొచ్చి సీట్లో కూర్చుంటే పాతదీ ఉంటుంది, భోజనాల వేళ దాటితే మాత్రం ఆపేస్తానన్నారు.

నన్ను తిట్టాలనుంటే వచ్చి తిట్టు, తల వంచుకుని వింటాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, వదిన మీద కోపం ఆ సైటు మీద చూపించకు. నాకు భయంగా ఉందే. గడియారం వైపు చూడకుండా ఒక్క వాక్యం కూడా రాయలేకపోతున్నాను.

నీతో మళ్లీ పోట్లాడే రోజు కోసం చూస్తూ,
మీ వదిన.

తా.క.: మెట్ల మీద కూలబడింది మీ అన్నయ్య. ఆ ఫోను పట్టుకున్నది నేను. ఈ సంగతి పైనే రాసి ఉంటే మిగతాది చదవకుండా ఆసుపత్రికి పరిగెత్తేదానివి. కంగారు పడకు, గండం గడిచిందని డాక్టరు గారు చెప్పారు. ఇందాకే కళ్లు తెరిచాడు. నీకు కబురు పంపుతున్నానంటే, దాన్ని ముందు ఆఫీసుకు పొమ్మను, నన్ను చూడ్డానికి సాయంత్రం రావచ్చులే అన్నాడు. ఆయన పక్కన నేనున్నాను. ఈపాటికి ఇంకెవరి అన్నయ్యో ఏ మెట్ల మీదో పడి ఉండొచ్చు. ఆఫీసుకే వెళ్లు.