నివేదికలో లేని పుట్టగొడుగులు

హింటర్‌బాఖ్, ఆస్ట్రియా
21 ఆగస్టు 2006

సరిహద్దు అవతల అణు విద్యుత్ కేంద్రం సమాచార విభాగంలోని బొహుమిల్ క్రివానెక్ గారికి,

వాల్బుర్గా స్టెట్నర్ నమస్కరించి రాస్తున్నది. మీరు కట్టబోయే కేంద్రం వల్ల గాలీ నీరూ అడవీ ఏమవుతాయో చెప్పే నివేదికను మా వైపు వాళ్లూ అడిగి చూడొచ్చని రేడియోలో విన్నాను. అందుకే అడుగుతున్నాను.

చెర్నోబిల్ పేలిన ఏడాది వసంతంలో మా ఆయన అలోయిస్, నేను, మా అమ్మాయి వానలో తడుస్తూ పుట్టగొడుగులు ఏరుకున్నాం. ఎంత బాగుందో ఆ రోజు! పిల్ల ఎర్ర రబ్బరు బూట్లతో గుంటల్లో గెంతుతూ పాడింది. ఆ వానలో అణుధూళి ఉందని మాకు తెలిసేసరికి వండుకు తినేశాం కూడా. పిల్లకి ఏమీ కాలేదు గానీ, తెలియక వడ్డించానన్న బాధ ఇరవయ్యేళ్లైనా నన్ను వదల్లేదు.

ఇప్పుడు దాని కూతురు రేజికి ఆరేళ్లు. ఈసారి నాతో వస్తానంటోంది. మేం ఏరే చోట ఇప్పుడేముంది, రేపు ఏం రాబోతోంది? ఆ పేజీ పంపండి.

ఉంటాను,
వాల్బుర్గా స్టెట్నర్

తా.క.: అలోయిస్ పోయి మూడేళ్లైంది. "ఇక చాల్లేవే" అనే మనిషి లేక ఉత్తరం పొడుగైంది.

*

28 ఆగస్టు

గౌరవనీయులైన స్టెట్నర్ గారికి,

నివేదిక పద్నాలుగు వందల పేజీలు. మీ ప్రాంతపు పటాన్ని నలభై గళ్లు చేశాం. మీ చోటు ఏ గడిలో ఉందో తెలియజేస్తే ఆ పేజీ పంపగలను. మీ పంచాయతీ ఆఫీసులోనూ ఒక ప్రతి ఉంది. మంగళవారాలు చూడవచ్చు.

భవదీయుడు,
బొ. క్రివానెక్

తా.క.: వాగుకి ఏ పక్కనో చెప్పినా చాలు.

*

6 సెప్టెంబరు

క్రివానెక్ గారికి నమస్కారాలు.

ఏ పక్కనో చెబితే చాలా? ఎందుకు చాలదూ! పుట్టగొడుగులు దొరికే చోటు మా వైపు సొంతవాళ్లకైనా చెప్పరు. మా ఆడపడుచు హెర్మీనె నలభయ్యేళ్లుగా అదే అడుగుతోంది, "ఏ పక్కనో చెప్పు వదినా, చాలు" అని. అలోయిస్ దాని సొంత అన్న. అయినా పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "దానికి మాత్రం చెప్పకే" అన్నాడు. మీ వైపు వాళ్లు బుట్టలు పట్టుకుని సరిహద్దు దాటడం కూడా నేను చూస్తూనే ఉన్నాను.

మంగళవారం పంచాయతీ ఆఫీసుకి వెళ్లాను. హెర్మీనెతో సహా సగం ఊరు అక్కడే. ఎవరూ చదవరే! పక్కవాళ్ల వేలు ఏ గడి మీద పడుతుందా అని కాచుకుని కూర్చున్నారు. నేను కావాలనే ఐదో గడిని అరగంట చూసి గట్టిగా నిట్టూర్చాను. మర్నాడు పొద్దున ఆ సగం ఊరూ ఐదో గడిలో ఉంది. అక్కడ బురద తప్ప ఏమీ లేదు.

నలభై పేజీలూ పంపండి.

వాల్బుర్గా

తా.క.: హెర్మీనె బూటు ఒకటి ఇంకా దొరకలేదట.

*

14 సెప్టెంబరు

గౌరవనీయులైన స్టెట్నర్ గారికి,

నలభై పేజీలూ నేనే చదివాను. పుట్టగొడుగులను ఎక్కడా పరీక్షించలేదు. కారణం 611వ పేజీలో ఉంది: "ఈ ప్రాంత ప్రజలు అడవి పుట్టగొడుగులు ఏరరు, తినరు."

నాలుగేళ్ల క్రితం మావాళ్లు ఇంటింటికీ వచ్చి, ఏమేం ఏరుతారు, ఎక్కడ ఏరుతారు అని అడిగారు. మీ ఊరంతా "పుట్టగొడుగులా? మాకు పడవండీ" అని సంతకాలు చేసింది. మొదటి సంతకం అలోయిస్ గారిది. రెండోది మీది.

ఇప్పుడెంత రేడియేషన్ ఉందో కొలవకపోతే, రేపు మా కేంద్రం వల్ల ఎంత పెరిగిందో ఎవరూ చెప్పలేరు. నెలాఖరులోగా అభ్యంతరం ఇస్తే కొలిపించవచ్చు. అయితే అందులో చోటు స్పష్టంగా రాయాలి. అందరూ చదివేలా మీ ఊరి నోటీసు బోర్డు మీద పెట్టాలి. చట్టం అది. ఈ జవాబు కూడా అక్కడ పెడుతున్నారు. చోటు తెలియకుండా రేజి గురించి నేనేమీ చెప్పలేను. క్షమించండి.

భవదీయుడు,
బొ. క్రివానెక్

తా.క.: ఆ రోజు మావాడికి మీ ఇంట్లో సూప్ పెట్టారట. అంత రుచి ఎన్నడూ ఎరగనని ఇప్పటికీ అంటాడు. దేనితో చేశారో మీరు చెప్పలేదట.

*

25 సెప్టెంబరు

బాబూ బొహుమిల్,

నీ ఉత్తరం రెండు రోజులు మళ్లీ మళ్లీ చదివాను. మాకెవరూ చెప్పలేదని ఇరవయ్యేళ్లు తిట్టుకున్నాను. మమ్మల్ని అడిగినప్పుడు మేం చెప్పిందేమిటి?

అభ్యంతరం రాసేశాను. గడి ఇరవై మూడు. వాగు దాటాక, చీలిన బండ వెనక, మూడు దేవదారు చెట్ల కింద. 1959లో పెళ్లైన వారానికి అలోయిస్ నా కళ్లకు గంతలు కట్టి మరీ తీసుకెళ్లిన చోటు. ఆయనకి ద్రోహం చేస్తున్నట్టు అనిపించి, గోడ మీది ఫొటోని అటు తిప్పి రాశాను.

కాగితం పట్టుకుని బోర్డు దగ్గరికి వెళ్తే అప్పటికే పదకొండు అభ్యంతరాలున్నాయి. మొదటిది హెర్మీనెది. గడి ఇరవై మూడు, చీలిన బండ వెనక, మూడు చెట్ల కింద. రెండోదీ అదే. పదకొండూ అవే! ఇన్నేళ్లూ ఊరంతా ఒకే చోట, ఒకరి కంట ఒకరు పడకుండా ఏరుకున్నాం.

హెర్మీనె నా వెనకే నిలబడి ఉంది. "నాకు ఏడేళ్లప్పుడే చూపించాడు వదినా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు" అంది.

"మరి నలభయ్యేళ్లు నా ప్రాణం ఎందుకు తీశావే?"

"అడక్కపోతే నీకు అనుమానం రాదూ?"

అలోయిస్ ఎంత గడుసువాడో చూడు! నవ్వలేక, ఏడవలేక ఇద్దరం ఆ బోర్డు ముందే ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డాం. ఆయన ఉంటే బాగుండేదనిపించింది, కనీసం తిట్టడానికైనా.

కొలిచే యంత్రమిచ్చి మనిషిని పంపు బాబూ. మంచైనా చెడైనా, ఉన్నదున్నట్టు ఆ బోర్డు మీదే పెట్టించు. అంతవరకు రేజిని తీసుకెళ్లను.

నీ మేలు కోరే
వాల్బుర్గా

తా.క.: మీవాడికి దారి తెలియదని బెంగపడకు. ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు.